ఎండ మీద పడ్డ నింద

అమ్రాబాద్,
మార్చి 9, 2025

సాయమ్మ అత్తకు గీత వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఏందీ?" అంటావు. నేను గొంతు చించుకుంటాను. చివరికి రాకేష్ బావ ఫోన్ లాక్కొని, "మంచిగనే ఉన్నదట" అని నీకు సైగ చేసి పెట్టేస్తాడు. ఇక్కడి సంగతులన్నీ ఆ ఒక్క మాటలో పట్టవు. అందుకే కాగితం కొన్నాను. నీ చెవి మిషన్ ఇంకా డబ్బాలోనే ఉందా?

పుణెలో అమ్మానాయినలు బాగున్నారు. నిన్ననే మాట్లాడాను. నేను జనవరిలోనే ఇక్కడ అమ్రాబాద్‌లో ఒక గది తీసుకున్నాను. పొద్దున్నే ఆటోలో అడవి అంచున ఉన్న పల్లెకు పోయి, పిల్లల భోజనాలయ్యాక తిరిగొస్తాను. సర్కారు బడి పక్కనున్న గదిలో మా సంస్థ బాలబడి నడుపుతోంది. అందరూ ఆరేళ్లలోపు పిల్లలే. సగం మంది తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కూలికి పోయారు కాబట్టి పిల్లలు అవ్వల దగ్గర, తాతల దగ్గర ఉంటారు. నీ దగ్గర నేనున్నట్టే.

ఈ రెండు నెలలూ పిల్లలకు ఎండాకాలం గురించి చెప్పాలి. సంస్థవాళ్లు ఒక పటం పంపారు. అందులో ఒక పాప గొడుగు కింద ఐస్‌క్రీం తింటుంది. పక్కన కూలర్, ఈత కొలను, కొండెక్కే రైలు. మా పిల్లలు కూలర్‌ను బీరువా అన్నారు. రైలును పాము అన్నారు. "ఎండాకాలం అంటే ఏంది?" అని అడిగితే ఒకడు "ఈగలు" అన్నాడు. ఇంకొకతె "మామిడికాయ కారం" అంది. మరొకడు "వానొస్తే మా నాయిన వస్తడు" అన్నాడు. వాడికి ఎండాకాలమంటే వాన రాకపోవడం.

జమ్ములమ్మ అని ఒక పిల్ల ఉంది. తల్లిది గద్వాల దిక్కు, అక్కడి అమ్మవారి పేరు పెట్టుకున్నారు. ఈ పిల్ల నోరు తెరవదు. కిటికీ వెలుగు పడే చోట కూర్చోదు. ఇంటికి పోయే వేళ తాత శాంతయ్య వచ్చి, తల మీద తువ్వాల కప్పి ఎత్తుకుపోతాడు. ఐదేళ్ల పిల్లను రాజకుమారిలా మోసుకుపోతుంటే నాకు కొంచెం చిరాకు కూడా వేస్తుంది.

నువ్వు వీపనగండ్లలో అంగన్‌వాడీ నడిపినప్పుడు ఎండాకాలం ఎట్లా చెప్పేదానివి? నేను నీ దగ్గరే చదువుకున్నాను గానీ, సత్తు గిన్నెలో పెట్టే గుగ్గిళ్లు తప్ప ఏమీ గుర్తులేదు.

నీ మేనకోడలు,
గీత

*

కొత్తకోట,
మార్చి 15, 2025

గీతకు,

ప్రభువు నిన్ను చల్లగా చూస్తున్నాడనుకుంటాను. ఇక్కడ మమ్మల్ని మాత్రం వేడిగానే చూస్తున్నాడు. నీ ఉత్తరం రాకేష్ చదివి వినిపిస్తానన్నాడు. నా చేతికివ్వు, నాకు పోయింది చెవులు, కళ్లు కాదన్నాను. మిషన్ పెట్టుకుంటే హైవే మీద లారీలన్నీ నా తలలోంచే పోతున్నట్టుంటుంది. అది డబ్బాలోనే ఉంటుంది.

ఎండాకాలాన్ని పటంలో చూపించడమెందుకు? తలుపు తీస్తే కనబడుతుంది. రెండు గిన్నెల్లో నీళ్లు పోసి ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టు. తర్వాత పిల్లల చేత వేళ్లు ముంచించు. పొద్దున వాళ్ల నీడల చుట్టూ సుద్దతో గీయి. మధ్యాహ్నం అదే చోట నిలబెట్టు. నీడ ఎక్కడికి పోయిందని వాళ్లే అడుగుతారు.

ఇంకొకటి ఉంది. నా భూతద్దాన్ని బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. ఎండుటాకు మీద వెలుగు చుక్క పడేటట్టు పట్టుకుంటే పొగ వస్తుంది. మా పిల్లలు ఎగిరి గంతులేసేవాళ్లు. ఎండలో ఎంత బలముందో చెప్పడానికి అంతకు మించింది లేదు.

ఆ జమ్ములమ్మను గారాబం చేసి చెడగొట్టారు. అలాంటి పిల్లలను నేను చాలామందిని చూశాను. ముందు వరుసలో నిలబెట్టు. భూతద్దం దాని చేతికే ఇవ్వు. సాయంత్రానికల్లా నోరు విప్పుతుంది చూడు.

రాకేష్ షెడ్డులో నిన్న ఒక లారీ టైరు పేలింది. నాకు కూడా వినపడిందంటే ఎంత చప్పుడో అర్థం చేసుకో.

ఈస్టర్‌కు రా. రాకేష్ భార్య అర్చన నీకోసం చీర తీసిపెట్టింది.

నీ మేనత్త,
సాయమ్మ

*

అమ్రాబాద్,
మార్చి 25, 2025

అత్తా,

నీళ్ల గిన్నెలు బాగా నడిచాయి. నీడల ఆట ఇంకా బాగా నడిచింది. మధ్యాహ్నం తన గీతలో తన నీడ సరిపోలేదని ఒక పిల్లాడు ఏడ్చాడు, ఎవరో కోసుకుపోయారట. ఆ మాటకు నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. ఇకనుంచి రాసేది నవ్వే సంగతి కాదు.

నిన్న భూతద్దం బయటికి తీశాను. నువ్వు రాసినట్టే జమ్ములమ్మను ముందు నిలబెట్టాను. ఆమె రానంటే చెయ్యి పట్టుకొని తెచ్చాను. ఆమె చేతిలో భూతద్దం పెట్టి, పైన నా చెయ్యి పెట్టి, ఎండుటాకు మీద చుక్క పడేటట్టు పట్టుకున్నాను. పొగ వచ్చింది. ఆ వెంటనే సన్నటి మంట. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

జమ్ములమ్మ కేక వేయలేదు. నా చెయ్యి విదిలించుకొని గదిలోకి పరిగెత్తింది. చాపలు చుట్టి పెట్టిన మూలలో దూరింది. బయటికి తీసేసరికి బట్టలు తడిసి ఉన్నాయి. "ఎండ కాలుస్తది. మా అమ్మ చేతులు కాల్చింది. ఇల్లు కాల్చింది" అని ఒకటే మాట. రెండున్నర నెలల్లో నేను విన్న ఆమె గొంతు అదే.

శాంతయ్య వచ్చాడు. "ఏం సూపెట్టినవమ్మా పిల్లకు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తువ్వాల కప్పి ఎత్తుకుపోయాడు.

ఈరోజు చాలామంది పిల్లలు రాలేదు. వాళ్ల ఇళ్లకు పోయి పిలిస్తే, "నిప్పు పెట్టుడు నేర్పే బడికి మేం పంపం" అన్నారు. ఒక అవ్వ మాత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "మంచిగ సూపెట్టినవ్ బిడ్డా. ఎండకు అంటుకుంటదని మేం గదే చెప్తిమి" అని మెచ్చుకుంది. ఆమె దేనికి మెచ్చుకుందో నాకు తెలియలేదు.

పిల్లలు రాకపోతే సంస్థ ఈ గది మూసేస్తుంది. నిజం చెప్పాలంటే, ఈరోజు తిరిగొస్తూ ఆటోలో ఇక్కడ ఉండలేననిపించింది. నువ్వు చెప్పావు కదా అని చేశాను.

గీత

*

కొత్తకోట,
మార్చి 31, 2025

గీతకు,

నీ ఉత్తరం చివరి వాక్యం రెండుసార్లు చదివాను. నేను చెప్పాననే చేశావు. కాదనను. ఎంతోమంది పిల్లలకు అదే భూతద్దం చూపించాను, ఒక్కరూ భయపడలేదు. ఆ పిల్ల ఇంట్లో ఏం జరిగిందో నాకెట్లా తెలుస్తుంది?

నాలుగు రోజులు ఊరుకో. పిల్లల భయం జ్వరం లాంటిది, దానంతటదే దిగుతుంది. వాళ్లింటికి మాత్రం పోకు. పోతే మాట మీద మాట పెరుగుతుంది. కొత్త ఊళ్లో ఒంటరి ఆడపిల్లవు.

కుదరని చోట పట్టుకొని వేలాడాల్సిన పని లేదు. మీ నాయిన కూడా మొదట గద్వాలలో నూలు పనికి పోయి, కుదరక నెలకే తిరిగొచ్చాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

పుచ్చకాయలు దిగాయి. అర్చన రోజూ ఒకటి కోస్తోంది. నువ్వుంటే తెల్ల భాగం కూడా కొరికేదానివి.

సాయమ్మ

*

అమ్రాబాద్,
ఏప్రిల్ 6, 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. పోయింది కూడా. నిన్న బావకు ఫోన్ చేసి, "అత్త మీద కోపం లేదని చెప్పు, బదులు రాస్త అని చెప్పు" అన్నాను. చెప్పాడనుకుంటాను.

నువ్వు పోవద్దన్న ఇంటికే పోయాను.

జమ్ములమ్మ తల్లి పేరు లలితమ్మ. ఆమె బడి దగ్గరికి ఎన్నడూ రాలేదు, ఇప్పటిదాకా నేను చూడలేదు. రేకుల కొట్టం ముందు వేపచెట్టు నీడలో కూర్చొని ఉంది. ఒళ్లో చింతపండు. రెండు చేతుల వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. మణికట్ల మధ్య చింతపండు నొక్కి పట్టుకొని, పళ్లతో పెంకు తీస్తోంది. నన్ను చూసి కొంగు చేతుల మీద కప్పుకుంది.

"మా పిల్లకు నిప్పు సూపెట్టినవంట" అంది.

"తప్పయింది అక్కా. నాకు తెల్వదు."

"నీకెట్ల తెలుస్తది. ఊర్ల ఎవ్వరు చెప్పరు."

ఆమే చెప్పింది. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో వీళ్లది గడ్డి కప్పిన గుడిసె. లలితమ్మ నీళ్లకు పోయింది. పిల్ల లోపల పడుకొని ఉంది. గాలి లేచింది. ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ ఎగిరి కప్పు మీద పడింది. బిందె పారేసి వచ్చేసరికి తలుపు వైపంతా మంట. ఆమె వెనకనుంచి కాలుతున్న గడ్డిని చేతులతో లాగి, దడి విరిచి పిల్లను బయటికి తీసింది. నాగర్‌కర్నూల్ దవాఖాన, అక్కడినుంచి హైదరాబాద్. పిల్ల ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు.

"మరి జమ్ములు ఎండ కాల్చిందంటున్నదేంది?" అని అడిగాను.

"గాలికి రవ్వ యాడికెళ్లి వచ్చిందో ఎవరికెరుక? మా పక్కపొంటి ఉన్నయన్ని మా వాళ్ల ఇండ్లే. ఎవరి పొయ్యి అంటే వాళ్లతోని కొట్లాట. అందుకే మా మామ అందరిని కూసోబెట్టి, ఎండకు అంటుకున్నదని అనుకుందమన్నడు. ఊరంత గదే మాట. పిల్ల అడిగితే నేను సుత గదే చెప్పిన. ఇంత గుర్తు పెట్టుకుంటదని ఎవరనుకున్నరు?"

అవ్వ నన్నెందుకు మెచ్చుకుందో అప్పుడు అర్థమైంది. ఊరు రెండేళ్లుగా చెప్పుకుంటున్న అబద్ధానికి నేను భూతద్దంతో సాక్ష్యం చూపించాను. నీడలో తప్ప నడవని పిల్ల ముందు, ఆమె చేతితోనే.

ఆ పిల్ల ఫాల్గుణం దాటిందంటే ఇంట్లో పడుకోదట. పగలు ఎండలోకి రాదు, రాత్రి కప్పు కిందికి రాదు. ఇది జ్వరం కాదు అత్తా, దానంతటదే దిగదు. ఏం చేయాలో నాకింకా తెలియదు గానీ, పిల్లలకు ఎండాకాలం నేర్పడమంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలని మాత్రం తెలిసింది.

నీ గీత

*

కొత్తకోట,
ఏప్రిల్ 7, 2025

గీతకు,

సంతోషంగా రాస్తున్నాను. నువ్వు ఫోన్‌లో అడిగిన పని అయింది.

రాకేష్ ఫోన్ పెట్టేసి, "గీతకు కోపం లేదంట, బదిలీ రాస్తదంట" అని నా చెవిలో అరిచాడు. అంత బాధలో ఉండి కూడా నోరు తెరిచి నన్ను అడగలేకపోయావని రాత్రంతా మనసు మనసులో లేదు. తెల్లారగానే మీ సంస్థ సూపర్‌వైజర్ సింధూజ మేడంకు ఉత్తరం రాసి, రాకేష్ ఫోన్‌తో ఫొటో తీయించి పంపాను. ఆమె నా దగ్గర శిక్షణ తీసుకున్న పిల్లే. సాయంత్రానికి జవాబు వచ్చింది. కొత్తకోట దగ్గరి కేంద్రంలో ఖాళీ ఉందట. జూన్‌లో నిన్ను ఇక్కడికి వేస్తారు. అక్కడ పిల్లలు ఎట్లాగూ తగ్గిపోయారు కాబట్టి ఆ గది ఎత్తేసే ఆలోచనలో ఉన్నారట.

ముందుగది నీకే. అర్చన మంచం జరిపింది. ఇంకొన్నాళ్లు ఓర్చుకో బిడ్డా.

సాయమ్మ

*

అమ్రాబాద్,
ఏప్రిల్ 11, 2025

అత్తకు,

నేను చెప్పింది బదులు. బదిలీ కాదు. ఉత్తరానికి బదులు రాస్తానన్నాను.

అడగకుండా ఎందుకు చేశావు? నన్ను ఎవరూ ఏదీ అడగరు. పుణెకు పోయేటప్పుడు అమ్మానాయినలు అడగలేదు, ఇప్పుడు నువ్వూ అడగలేదు.

ఈ గది మూతపడితే ఈ పిల్లలకు ఇంకొక బాలబడి లేదు. ఈస్టర్‌కు రావడం లేదు.

గీత

*

కొత్తకోట,
ఏప్రిల్ 17, 2025

గీతకు,

నీ చిన్న ఉత్తరమూ పెద్ద ఉత్తరమూ ఒకే రోజు పోస్ట్‌మాన్ తెచ్చాడు. ముందు చిన్నది విప్పాను. కూడు తినబుద్ధి కాలేదు. తర్వాత పెద్దది విప్పి, ఆ తల్లి చేతుల దగ్గర ఆగిపోయాను.

రాకేష్‌ను పిలిచి అడిగాను. "బదులన్ననో బదిలీ అన్ననో నాకేం యాదికున్నది, షెడ్డుల ఇంజన్ నడుస్తుండె" అన్నాడు. వాడి తప్పు కాదు. రెండు మాటలు విని, మిగతాది నాకు కావలసినట్టు నేనే పూరించుకున్నాను. నువ్వు దగ్గరుండాలని నాకుంది, అందుకే అట్లా వినపడి ఉంటుంది.

నిన్న మిషన్ చెవిలో పెట్టుకొని బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయాను. దారి పొడవునా కండక్టర్ ఈల నా మెదడులోనే ఊదినట్టుంది. సింధూజ మేడం టీ తెప్పించింది. నా బదిలీ మాట వెనక్కి తీసుకొమ్మన్నాను. ఆమె నవ్వి, "అమ్మా, మీరడిగితే ఇచ్చి, మీరడిగితే తీసేసే పని కాదు. పిల్లలు రాని చోట టీచర్‌ను ఎట్లా ఉంచను?" అంది. నేను పట్టుబట్టి కూర్చున్నాను. చివరికి సెలవులిచ్చేముందు తనే వచ్చి చూస్తానంది. పిల్లలుంటే ఉంచుతుంది. లేకపోతే ఎత్తేస్తుంది. అంతకు మించి నా చేతిలో లేదు.

నువ్వు అడగమన్నావు కాబట్టి అడుగుతున్నాను. అక్కడే ఉంటావా?

పండగనాడు చర్చిలో నీ పేరూ ఆ పిల్ల పేరూ చెప్పి ప్రార్థన చేయిస్తాను. రాకపోయినా ఫరవాలేదు.

సాయమ్మ

*

అమ్రాబాద్,
ఏప్రిల్ 25, 2025

అత్తా,

ఉంటాను.

ఈ రెండు వారాల్లో జరిగింది వరసగా చెబుతాను.

నీ మీద కోపంగా ఉన్న రోజుల్లోనే ఒక పని మొదలుపెట్టాను. మిగిలిన కొద్దిమంది పిల్లలను ఎండుగడ్డి తెమ్మన్నాను. చిన్న కట్ట కట్టి, బడి ముందు ఎండలో, అందరికీ కనబడే చోట బండ మీద పెట్టాను. భూతద్దం లేదు, ఏమీ లేదు. ఒట్టి ఎండ. పిల్లలు పొద్దున ఒకసారి, ఇంటికి పోయేముందు ఒకసారి ముట్టుకొని రావాలి. "కాలుతున్నదా?" అంటే, "కాలుతలేదు, కాకగున్నది" అని అరిచేవాళ్లు. గడ్డి పొద్దున ఎట్లా ఉందో మధ్యాహ్నం అట్లాగే ఉంది.

జమ్ములమ్మ మళ్లీ బడికి వస్తోంది. తల్లి నాకు ఒక్క మాటే చెప్పింది: "ఎట్ల భయపెట్టినవో అట్లనే తియ్యి." ఆ పిల్ల మొదట్లో గోడ పక్కనుంచి వినేది. తర్వాత గడప దాకా వచ్చింది. గడప మీద కూర్చొని గడ్డికట్టను కాపలా కాసినట్టు చూసేది. ఒకరోజు మధ్యాహ్నం నన్ను అడిగింది: "ఇది కాలకుంటే మా ఇల్లెందుకు కాలింది?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కానీ చెప్పాల్సింది నేను కాదు. లలితమ్మ దగ్గరికి పోయాను. శాంతయ్య అక్కడే ఉన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. "గిన్నొద్దులకు ఊరు సల్లబడ్డది. మళ్ల పొయ్యి అంటే, ఎవరి పొయ్యని అడుగుతరు. ఎండ మీద ఏస్తే ఎండకేం నొస్తది?" అన్నాడు.

లలితమ్మ చేతుల మీది కొంగు తీసింది. "ఎండకు నొయ్యది మామా. నా బిడ్డకు నొస్తది" అంది.

మర్నాడు ఆమె బడికి వచ్చింది. రెండేళ్లలో ఆమె ఊరి నడుమ నుంచి పగటిపూట నడవడం అదే మొదటిసారట. బడి వంటపొయ్యి దగ్గర పిల్లలందరినీ కూర్చోబెట్టాను. జమ్ములమ్మ నా వెనక నిలబడింది. లలితమ్మ వాళ్ల ముందు చేతులు చాపింది. పిల్లలు చూశారు. ఒకడు "నొస్తదా?" అని అడిగాడు. "ఇప్పుడు నొయ్యదు" అంది. తర్వాత కూతురి వైపు తిరిగి చెప్పింది. "ఎండ గాదు బిడ్డా. నేను గలత్ చెప్పిన. పొయ్యిల నిప్పు మిగిలింది, గాలికి లేశింది, మన కప్పు మీద పడ్డది. ఎండ నిన్నేం చెయ్యదు."

"ఎవరి పొయ్యి?" అని జమ్ములమ్మే అడిగింది. ఊరంతా భయపడింది ఆ ఒక్క ప్రశ్నకే.

"ఎవరిదైతేంది? అన్ని పొయ్యిలల్ల నిప్పుంటది. అన్నిట్ల నీళ్లు పొయ్యాలె."

ఒక్కొక్కరి చేత పొయ్యిలో గ్లాసెడు నీళ్లు పోయించాం. సుయ్‌మని ఆవిరి లేచినప్పుడల్లా పిల్లలు వెనక్కి దూకి మళ్లీ ముందుకొచ్చారు. జమ్ములమ్మ ఆరోజు పోయలేదు. మర్నాడూ పోయలేదు. ఆ మర్నాడు గ్లాసు తీసుకుంది. సగం నీళ్లు కాళ్ల మీద పోసుకుంది, మిగతా సగం పొయ్యిలో పోసింది.

ఇక పిల్లలు ఊరుకోలేదు. బడి అయ్యాక ఇంటింటి ముందు ఆగి, "పొయ్యి ఆర్పినవా?" అని అడగడం మొదలుపెట్టారు. కొందరు కసిరారు. కొందరు నవ్వి, నిజంగానే లేచి నీళ్లు చల్లారు. ఇంట్లో ఉండిపోయిన పిల్లలకు ఈ ఆటలో తాము లేకపోవడం నచ్చలేదు. ఏడ్చి ఏడ్చి అవ్వల చేత బడికి పంపించుకున్నారు. నేను పిలిస్తే రానివాళ్లు, తోటిపిల్లలు గుంపుగా తిరుగుతుంటే వచ్చారు.

సింధూజ మేడం మొన్న వచ్చింది. గది నిండా పిల్లలున్నారు. ఆమె పటం విప్పి, "ఎండాకాలంలో ఏం చేస్తాం?" అని అడిగింది. అందరూ ఒక్కసారి, "పొయ్యి ఆర్పుతం!" అన్నారు. ఆమె నా వైపు చూసింది. "ఐస్‌క్రీం గురించి చెప్పలేదా?" అని అడిగింది. చెప్పలేదన్నాను. భూతద్దం సంగతి కూడా అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ముఖం గంటు పెట్టుకొని, ఇకమీదట పిల్లల దగ్గర మంట పుట్టించే పని చేయొద్దని గట్టిగానే చెప్పింది. అది న్యాయమే.

ఆమె బయటికి పోతుంటే శాంతయ్య తువ్వాల భుజాన వేసుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఫిర్యాదు చేస్తాడనుకున్నాను. "మేడం, ఈ పంతులమ్మను ఈడ్నె ఉంచున్రి. సగం నేర్పిచ్చి పోతే పిల్లలు ఆగమైతరు" అన్నాడు. ఊరి వాళ్లు ఆయనతో ఏమన్నారో నాకు తెలియదు. కొందరు ఇప్పటికీ లలితమ్మ గడప తొక్కడం లేదు. ఆ మాట కూడా రాయాలి కదా.

గది మూయరు. ఇంకొక ఏడాది చూస్తామన్నారు.

నా కోపంలో రాసిన మాట పట్టుకోకు. అమ్మానాయినలు పుణెకు పోయినప్పుడు నన్ను అడగకుండా నీ దగ్గర వదిలారు. నువ్వు కూడా అడగకుండానే ఉంచుకున్నావు. అది నేను మరిచిపోలేదు.

సెలవుల్లో కొన్నాళ్లు పుణెకు పోయి వాళ్లను చూసి, నీ దగ్గరికి వస్తాను.

నీ గీత

*

కొత్తకోట,
మే 3, 2025

గీతకు,

నీ జవాబు ఒక్క మాటలోనే ఉంది. దానికి ఇంకేం కలపను. మంచం మళ్లీ వెనక్కి జరిపాం.

లలితమ్మ చేతుల సంగతి మా చర్చి సంఘంలో ఉన్న, దవాఖానలో పనిచేసే ఒకాయనకు చెప్పాను. వేళ్లు విడదీసే ఆపరేషన్ చేస్తారట. పూర్తిగా కాకపోయినా, గ్లాసు పట్టుకునేంత వస్తుందేమోనట. ఖాయంగా చెప్పలేనన్నాడు. ఈసారి ముందే అడుగుతున్నాను. ఏర్పాటు చేయమననా, వద్దా? ఆమెను అడిగి రాయి.

నువ్వు వచ్చే రోజు ముందే రాయి. ఫోన్ చేయకు.

సాయమ్మ

*

అమ్రాబాద్,
జూన్ 14, 2025

అత్తా,

నీ దగ్గర ఉన్నన్నాళ్లు తిన్న తిండికి నా బట్టలు బిగుతయ్యాయి. అర్చన అక్కకు చెప్పు.

మొన్న బడి తెరిచాం. ఇక్కడ ఒక పెద్దవాన పడింది. అడవి వైపంతా పచ్చబడుతోంది. "వానొస్తే వస్తడు" అన్న పిల్లాడి నాయిన నిజంగానే వచ్చాడు. వాడు ఆయన్ను బడికి తెచ్చి అందరికీ చూపించాడు.

లలితమ్మను అడిగాను. ఇన్నాళ్లూ ఎవరూ ఆ దారి చెప్పలేదంది. పంట పనులయ్యాక వస్తానంది. భయంగా ఉందని కూడా అంది. నీ దగ్గరే దిగుతుంది.

జమ్ములమ్మ పక్కనున్న సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరింది. అయినా బెల్లు కొట్టగానే మా గది ముందుకొచ్చి నిలబడుతుంది. శాంతయ్య ఇప్పుడు ఎత్తుకోవడం లేదు, చెయ్యి పట్టుకొని నడిపిస్తాడు. ఇంట్లో పడుకుంటుందా అని అడిగితే, "సగం రాత్రి పండుతది, మళ్ల లేశి బయటికొస్తది" అన్నాడు. సగం రాత్రి.

ఈరోజు వాన ఆగాక ఎండ వచ్చింది. కొత్త పిల్లలకు వానాకాలం మొదలుపెట్టాను. జమ్ములమ్మ వాకిట్లో బురదలో, ఎండలో నిలబడి వింటోంది.

"పంతులమ్మా, ఎండాకాలం అయిపోయిందా?" అని అడిగింది.

"అయిపోయింది."

"మళ్ల వస్తదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వస్తది. ప్రతి ఏడు వస్తది" అన్నాను.

ఆ పిల్ల కాలితో బురద నొక్కింది.

"రానీ" అంది.

గీత